రాడ్ కట్టే మెషిన్‌కు కొత్త చక్: ఏది కొనాలి, ఎలా బిగించాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది చేపల గాలపు రాడ్లకు గైడ్లను (లైన్ సాగే రింగులను) దారం చుట్టి కట్టే, పెడల్‌తో నడిచే మెషిన్. దాని స్పిండిల్ (తిరిగే ఇరుసు) బోలు గొట్టం. లోపలి రంధ్రం 28 మి.మీ., బయటి వ్యాసం 35 మి.మీ. దానికి మర లేదు, పాత ప్లాస్టిక్ చక్ (రాడ్‌ను పట్టుకునే భాగం) మూడు గ్రబ్ స్క్రూలతో (తల లేని స్క్రూలతో) నిలబడి ఉంది. ఆ చక్‌లో ఒక జా (పట్టుకునే దవడ) విరిగింది. రాడ్ జారుతోంది, తిరిగేటప్పుడు కొన దగ్గర రెండు సెంటీమీటర్లు ఊగుతోంది. దాని బదులు మినీ లేత్‌లకు వాడే 80 మి.మీ. మూడు జాల ఇనుప చక్ వేద్దామనుకుంటున్నారు. ఎక్కువగా స్పిన్నింగ్ రాడ్లు, అప్పుడప్పుడు 24 మి.మీ. బట్ (అడుగు చివర) ఉన్న సర్ఫ్ రాడ్లు (సముద్రతీరం నుంచి విసిరే పొడవాటివి) కడతారు. దారం మీద పూసిన ఎపాక్సీ పూత ఆరేదాకా రాడ్‌ను తిప్పే చిన్న మోటార్‌కూ అలాంటి చక్కే కావాలంటున్నారు.

ఆ 80 మి.మీ. చక్ కొనకండి. దాని మధ్య రంధ్రం 16 మి.మీ. మాత్రమే. మీ స్పిండిల్ 28 మి.మీ. ఉండి ఏం లాభం, మూతి దగ్గరే దారి మూసుకుపోతుంది. ఆ రకంలో 100 మి.మీ. చక్‌కు 22, 125 మి.మీ. చక్‌కు 30 మి.మీ. రంధ్రం వస్తుంది. కొలతల ప్రకారం మీకు సరిపోయేది 125 ఒక్కటే. అది ఐదు కిలోల దగ్గర తూగుతుంది. దారం చుట్టే మెషిన్‌కు అంత బరువు ఎందుకు వద్దో తర్వాత చెప్తాను.

ఇంతకీ ఆ 24 మి.మీ. బ్లాంక్ (గ్రిప్, గైడ్లు ఎక్కని ఉత్త రాడ్ గొట్టం) కొలతా, గ్రిప్ ఎక్కాక కొలతా? సర్ఫ్ రాడ్ బట్ మీద ష్రింక్ ట్యూబ్ ఒక్కటే వేస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈవీఏ (మెత్తని ఫోమ్) గ్రిప్ ఎక్కితే 30 దాటడం మామూలే, చివర రబ్బరు టోపీ ఇంకా లావు. గైడ్లకు దారం చుట్టే సమయానికి గ్రిప్ అప్పటికే అతికి ఉంటుంది కాబట్టి స్పిండిల్‌లోంచి దూరాల్సింది ఆ లావు భాగమే. కొలవాల్సింది అక్కడ. అది 28 కంటే ఎక్కువైతే ఆ రాడ్ల విషయంలో మీ స్పిండిల్ బోలుగా ఉన్నా లేనట్టే లెక్క. బట్ చివరను చక్‌తో పట్టి, ముందు స్టాండ్‌ను దగ్గరకు జరుపుకోవాలి.

కొనేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. జా విరిగింది కాబట్టి జారడానికి కారణం తెలుస్తూనే ఉంది. ఊగడానికి మాత్రం చక్కే కారణం కావాలని లేదు. రాడ్‌ను చక్‌లో బిగించి మెల్లగా తిప్పండి. కొన ఎక్కువ పైకి లేచిన చోట తిప్పడం ఆపి, రాడ్ మీద పై వైపున టేపు ముక్క అంటించండి. చక్ మీద కూడా పై వైపునే ఒక గుర్తు పెట్టండి. ఇప్పుడు చక్ వదులు చేసి, రాడ్‌ను మాత్రం సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించండి. తిప్పినప్పుడు కొన లేచేది టేపు వైపే అయితే వంకర రాడ్‌లోనే ఉంది, ఏ చక్ పెట్టినా పోదు. కార్బన్ బ్లాంక్‌లకు కొద్దిపాటి సహజమైన వంపు ఉంటుంది, అది లోపం కాదు. కొన చక్ మీది గుర్తు వైపు లేస్తే తప్పు చక్‌ది గానీ స్పిండిల్‌ది గానీ అవుతుంది. ఆ రెండింటిలో ఏదో తెలియాలంటే చక్ తీసేసి, స్పిండిల్ బయటి అంచుకు డయల్ గేజ్ (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత సాధనం) ఆనించి చేత్తో తిప్పండి. డయల్ గేజ్ లేకపోతే స్టాండ్‌కు ఒక సూదిని కట్టి స్పిండిల్‌కు వెంట్రుకవాసి దూరంలో పెట్టండి, సందు పెరిగి తగ్గుతుందేమో కంటికే తెలుస్తుంది. స్పిండిల్‌ను పట్టుకుని పైకీ కిందికీ కూడా ఊపి చూడండి. అక్కడే కదలిక ఉంటే మార్చాల్సింది బేరింగులు.

ఇక ఆ రెండు సెంటీమీటర్ల సంగతి. చాలామంది ఇక్కడ చక్ కచ్చితత్వం గురించి తెగ టెన్షన్ పడతారు. కొత్త మూడు జాల చక్‌లో 0.05 నుంచి 0.1 మి.మీ. వరకు తేడా ఉండడం సాధారణం. దారం చుట్టడానికి అది లెక్కలోకే రాదు. మన పనిలో ఇబ్బంది పెట్టేది కేంద్రం తప్పడం కన్నా కోణం తప్పడం. జాలు రాడ్‌ను 20 మి.మీ. పొడవున పట్టుకున్నాయనుకోండి. ఆ పొడవులో రాడ్ 0.2 మి.మీ. మాత్రమే పక్కకు ఒరిగినా, రెండు మీటర్ల దూరంలో కొన 20 మి.మీ. పక్కకు పోతుంది. మీరు చెప్పిన రెండు సెంటీమీటర్లకు ఇంత చిన్న ఒరుగుదల చాలు. అదే రాడ్‌ను 150 మి.మీ. దూరంలో ఉన్న రెండు చోట్ల పట్టుకుంటే, ఆ 0.2 మి.మీ. తేడాకు కొన దగ్గర వచ్చేది మూడు మిల్లీమీటర్ల లోపే. ఎంత ఖరీదైన చక్ తెచ్చినా అది పొట్టి జాలతో ఒక్కచోటే పట్టుకుంటే ఊగడం పోదు. సాదా చక్ అయినా స్పిండిల్ వెనక చివర ఇంకో పట్టు ఉంటే రాడ్ నిలకడగా తిరుగుతుంది. బోలు స్పిండిల్ అసలు ప్రయోజనం ఇదే, చాలా మెషిన్లలో అది వాడకుండా ఉండిపోతుంది.

ఇప్పుడు బరువు. పెడల్ మీంచి కాలు తీయగానే మెషిన్ ఆగాలి. దారం చివర లూప్‌లోకి దూర్చే సమయానికి రాడ్ ఇంకో పావు చుట్టు తిరిగినా చిరాకే. ఐదు కిలోల ఇనుము స్పిండిల్ మూతి మీద కూర్చుంటే కాలు తీశాక కూడా తిరుగుతూనే ఉంటుంది. మొదలయ్యేటప్పుడు మోటార్ మూలిగి ఒక్కసారిగా అందుకుంటుంది, నెమ్మదైన వేగం మీద అదుపు పోతుంది. పైగా ఆ బరువంతా ముందు బేరింగ్‌కు బయట వేలాడుతుంది. కార్క్, ఈవీఏ గ్రిప్‌లను లేత్ మీద చెక్కేవాళ్లకు ఇనుప చక్ మంచిదే. అక్కడ వేగం ఎక్కువ, గట్టి పట్టు కావాలి, పట్టుకునేది కూడా రాడ్‌ను కాదు, గ్రిప్ తొడిగే కడ్డీ అయిన ఉక్కు మాండ్రెల్‌ను. మీరు చెప్పిన పనిలో చెక్కడం లేదు కాబట్టి ఆ ఖర్చు వద్దు.

మీ మెషిన్‌కు నేను సూచించేది అల్యూమినియం లేదా మందమైన ప్లాస్టిక్‌తో చేసిన తేలికైన స్క్రూల చక్. పొట్టి గొట్టం లాంటి బాడీ, చుట్టూ నాలుగు స్క్రూలు, లోపలి కొనలకు రబ్బరు. కేంద్రానికి తేవాలంటే మూడు స్క్రూల కన్నా నాలుగు తేలిక. మూడింటిలో ఒకటి కదిపితే మిగతా రెండూ మార్చాలి. నాలుగైతే ఎదురెదురు జంటలుగా ఒకటి వదిలి ఒకటి బిగించుకుంటూ పోవచ్చు. బాడీ 50 మి.మీ. పొడవుండి ముందూ వెనకా రెండు వరసల స్క్రూలు ఉంటే ఇంకా మేలు. ముందు వరసతో కేంద్రం, వెనక వరసతో కోణం సరిచేస్తారు. గ్రిప్ 28 దాటిన రాడ్లకు స్పిండిల్ వెనక పట్టు కుదరదని పైన అన్నాను కదా, వాటికి ఈ రెండో వరసే ఆధారం. బాడీ లోపలి వ్యాసం అందుకు తగ్గట్టు 45 మి.మీ.కు తగ్గకుండా చూసుకోండి.

దీంతో ఇబ్బందులూ ఉన్నాయి. ప్రతి రాడ్‌కూ సరిచేసుకోవడానికి రెండు మూడు నిమిషాలు పోతాయి. రోజుకు చాలా రాడ్లు కట్టేవాళ్లకు అది విసుగు. అలాంటివాళ్లు అన్ని జాలూ ఒకేసారి దగ్గరికి వచ్చే, ప్లాస్టిక్ బాడీ ఉన్న రాడ్ చక్ తీసుకోవాలి. మీ పాత చక్ ఆ రకమే అయి ఉండాలి. తయారుచేసినవాళ్ల దగ్గర జా విడిగా దొరికితే అన్నిటికన్నా చవకైన దారి అది. ఒక్క జా కాకుండా మూడూ మార్చండి. అరిగిన రెండింటి పక్కన కొత్తది ఒకటి పెడితే కేంద్రం కుదరదు. స్క్రూల చక్‌లో ఇంకో సంగతి. బొటనవేలితో తిప్పే పొడవాటి స్క్రూల తలలు బయటికి పొడుచుకొస్తే దారం చిక్కుకుంటుంది, వేళ్లకు తగులుతుంది. బాడీ అంచు దాటని గ్రబ్ స్క్రూలు తీసుకుని అలెన్ కీతో బిగించుకోండి.

బిగించడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మీ గొట్టం మందం లెక్క వేయండి: 35లోంచి 28 తీసి సగం చేస్తే 3.5 మి.మీ. సన్నని గోడ. దాని మీద గ్రబ్ స్క్రూను గట్టిగా బిగిస్తే స్క్రూ కొన దిగినచోట లోపలివైపు బుడిపె లేస్తుంది. బ్లాంక్‌ను దూర్చేటప్పుడు అది గీసుకుంటుంది. పాత చక్ తీశాక వేలు పెట్టి తడిమి చూడండి, బుడిపెలుంటే గుండ్రటి ఆకురాయితో నునుపు చేయండి. బయటివైపు కూడా స్క్రూ గుంత చుట్టూ లేచిన అంచును ఆకురాయితో తీసేయాలి. లేకపోతే కొత్త చక్ సగం ఎక్కి ఇరుక్కుంటుంది, లేదా వంకరగా కూర్చుంటుంది.

కొత్త చక్‌కు వెనక హబ్ (స్పిండిల్ మీద ఎక్కే భాగం) ఎలా ఉందో అడిగి కొనండి. గ్రబ్ స్క్రూల హబ్ కన్నా, ఒకవైపు చీల్చి ఉండి బోల్టుతో చుట్టూ బిగుసుకునే క్లాంప్ హబ్ మంచిది. ఒత్తిడి చుట్టూ సమానంగా పడుతుంది, గొట్టం నొక్కుకుపోదు, కేంద్రమూ చెదరదు. 35 మి.మీ. సైజులో చీలిక ఉన్న షాఫ్ట్ కాలర్లు (ఇరుసు చుట్టూ బిగించే రింగులు) విడిగా కూడా దొరుకుతాయి. కాలర్ ముఖానికి మూడు మరల రంధ్రాలు చేయించి, చక్ వీపును దానికి బోల్ట్ చేయవచ్చు. ఇలా చేస్తే చక్ రంధ్రాలను బోల్టు కన్నా అర మిల్లీమీటరు పెద్దవిగా ఉంచండి. బోల్టులు సగం బిగించి, డయల్ గేజ్ చూస్తూ చెక్క సుత్తితో తట్టి కేంద్రానికి తెచ్చి, అప్పుడు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా పూర్తిగా బిగించండి. ఒక బోల్టును మొదటే ఆఖరిదాకా బిగిస్తే చక్ ముఖం వాలుతుంది. కొలవడానికి రాడ్ వాడకండి, నిక్కమైన గుండ్రటి ఉక్కు కడ్డీ కావాలి.

గ్రబ్ స్క్రూల హబ్బే దొరికిందా, సరే. ఒక్కో స్క్రూ కింద చిన్న ఇత్తడి ముక్క వేయండి. స్క్రూలను వంతులవారీగా కొద్దికొద్దిగా బిగించండి. హబ్ రంధ్రం గొట్టం మీదికి చేత్తో నెట్టితే జారాలి గానీ కదిపితే గడగడలాడకూడదు. వదులుగా ఉంటే స్క్రూలు ఎటు నెడితే అటు కేంద్రం తప్పుతుంది. టేపు చుట్టి సరిపెట్టే అలవాటు కొందరిలో ఉంది. అది మెత్తబడి నెలలో మళ్లీ మొదటికే వస్తుంది. వదులెక్కువైతే సన్నని ఇత్తడి రేకు చుట్టండి, లేదా హబ్‌నే మార్చండి.

స్పిండిల్‌కు మర ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. వ్యాసం ఒక్కటే చూసి చక్ తెప్పించకండి, పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) కూడా కొలవాలి. 25.4 మి.మీ. పొడవులో ఎన్ని మరలున్నాయో లెక్కపెడితే అంగుళాల మరో, మిల్లీమీటర్ల మరో తేలుతుంది. అసలు ఇబ్బంది దగ్గరదగ్గరగా ఉండే మరలతోనే. డ్రిల్ చక్‌లలో ఎక్కువగా కనిపించే అర అంగుళం, 20 మరల రకం వ్యాసం 12.7, పిచ్ 1.27. ఎమ్12 సన్న మర షాఫ్ట్ వ్యాసం 12, పిచ్ 1.25. ఆ చక్‌ను ఈ షాఫ్ట్ మీద తిప్పితే హాయిగా ఎక్కుతుంది, సరిపోయిందనే అనిపిస్తుంది. కానీ లోపల 0.7 మి.మీ. వదులుంటుంది. ఊగుతుంది, కొన్నాళ్లకు మరలు కొరుక్కుపోతాయి. చక్ చివరిదాకా ఎక్కాక వీపు షాఫ్ట్ మెట్టుకు ఆనిందా, ఎక్కేటప్పుడు పక్కలకు కదిలిందా అన్నవి రెండూ చూడాలి.

మర చక్‌కు ఇంకో గుణం ఉంది. మామూలు దిశలో తిరిగితే అదే బిగుస్తుంది, ఉల్టా తిరిగితే ఊడుతుంది. దారం విప్పడానికి మనం మెషిన్‌ను ఉల్టా తిప్పుతాం కదా, అప్పుడు ఊడి రాడ్‌తో సహా ఒళ్లో పడుతుంది. పెడల్ వదిలి ఠక్కున ఆపినా బరువైన చక్ తన ఊపుతో ముందుకు తిరిగి వదులవుతుంది. డ్రిల్ చక్ అయితే జాలు పూర్తిగా తెరిచి లోపల అడుగున చూడండి. అక్కడ రంధ్రం ఉంటే దాంట్లో ఎడమ మర స్క్రూ బిగించాలి. లేకపోతే హబ్ పక్కన ఒక గ్రబ్ స్క్రూ పెట్టించండి.

వెనక పట్టుకు పెద్ద సరంజామా అక్కర్లేదు. స్పిండిల్ వెనక చివర 35 మి.మీ. కాలర్ ఒకటి ఎక్కించండి. అది గొట్టం చివర నుంచి సగం బయటికి ఉండాలి. ఆ బయటి భాగంలో నాలుగు స్క్రూలు, కొనలకు రబ్బరు. రాడ్ బట్ అక్కడిదాకా రాకపోతే ఫోమ్‌తో చేసిన కోను బుష్‌ను గొట్టంలోకి దూర్చినా పని జరుగుతుంది. బట్ వెనకనుంచి పొడవుగా బయటికి వస్తే దానికింద కూడా ఒక స్టాండ్ పెట్టండి. వేగం పెంచినప్పుడు ఆధారం లేని వెనక భాగం విసురుకుంటుంది, మన కళ్లేమో ఎప్పుడూ ముందువైపే ఉంటాయి.

పట్టే చోటు, పట్టే తీరు కూడా చూసుకోవాలి. కార్బన్ బ్లాంక్ పొడవునా ఎంత బలమైనదైనా చుట్టూ నొక్కితే తట్టుకోలేని పల్చని గొట్టం. మూడు చోట్ల గట్టిగా నొక్కితే లోపల సన్నని చీలిక వస్తుంది, పైకి ఏమీ కనబడదు. చేప లాగినప్పుడు అక్కడే విరుగుతుంది. వీలైనంతవరకూ గ్రిప్ దగ్గరే పట్టండి. బ్లాంక్‌నే పట్టాల్సి వస్తే మాస్కింగ్ టేపు నాలుగైదు చుట్లు వేసి, దానిపైన పొడవునా చీల్చిన రబ్బరు గొట్టం తొడిగి, జారకుండా ఉండేంత మాత్రమే బిగించండి. దారం చుట్టడానికి అవసరమైన పట్టు చాలా తక్కువ. జారుతోందని ఇంకా బిగించే బదులు రబ్బరు మార్చి చూడండి, సాధారణంగా అది గట్టిపడి నున్నగా అయిపోయి ఉంటుంది. బట్ టోపీ కోనుగా ఉంటే జాలు దాని మీంచి నెమ్మదిగా జారిపోతాయి. టేపుతో ఆ వాలు పూడ్చి సమంగా చేశాకే పట్టండి. ఈవీఏ, కార్క్ గ్రిప్‌లను రాత్రంతా బిగించి వదిలేస్తే గుంతలు పడతాయి. పని ఆపినప్పుడల్లా వదులు చేసి పక్కన పెట్టండి.

ఇక ఆరబెట్టే మోటార్. దీనికి అలాంటి చక్కే అన్న ఆలోచన మానుకోండి. అది నిమిషానికి పది ఇరవై చుట్లు తిరిగే చిన్న గేర్ మోటార్, షాఫ్ట్ చాలావాటిలో 7 మి.మీ., ఒకవైపు చదును. అంత సన్నని షాఫ్ట్ మీద రెండు కిలోల చక్ వేలాడదీస్తే గేర్ల బుష్ అరిగి షాఫ్ట్ వాలిపోతుంది. ఇక్కడ కావాల్సింది నీళ్ల పైపుకు వేసే ప్లాస్టిక్ ఎండ్ క్యాప్ లాంటిది. వీపున షాఫ్ట్‌కు చిన్న హబ్, చదును వైపు గ్రబ్ స్క్రూ. ముందు అంచు చుట్టూ నాలుగు కొక్కేలు, వాటిమధ్య అడ్డంగా సాగే రబ్బరు బ్యాండ్లు. బట్‌ను ఆ బ్యాండ్ల మధ్యకు దూరిస్తే చాలు. కొద్దిగా ఊగినా నష్టం లేదు, ఎపాక్సీ ఒకవైపు కారకుండా రాడ్ ఆగకుండా తిరగడమే ముఖ్యం. రాడ్ బరువును స్టాండ్లు మోయాలి, మోటార్ కాదు. బ్యాండ్లకు ఇంకో మేలుంది. ఎక్కడైనా గైడ్ తట్టుకుంటే బ్యాండ్ జారిపోతుంది, గైడ్ వంగదు. పాత బ్యాండ్ రాత్రి పూట తెగితే పూత గడ్డకట్టి కిందికి వేలాడుతుంది, కాబట్టి ప్రతి పూతకు ముందు సాగదీసి పగుళ్లు చూడండి.

పాత చక్‌ను పారేసేముందు విప్పి చూడండి. కార్క్, ఎపాక్సీ రుద్దినప్పుడు లేచే పొడి జాలను కదిపే చుట్ల గాడి పళ్లెమైన లోపలి స్క్రోల్‌లో చేరి, అక్కడి గ్రీజుతో కలిసి ముద్దవుతుంది. సగం చక్‌లు బిగుసుకుపోయేది దానివల్లే. కొత్తదాంట్లో కదిలే భాగాలకు గ్రీజు పెట్టకండి, ఆరిపోయే రకం లూబ్రికెంట్ వాడండి. జాల మీద 1, 2, 3 అంకెలుంటే మళ్లీ ఎక్కించేటప్పుడు అదే వరసలో, స్క్రోల్ మొదలు ఒక్కో గాడి దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కోటి దూర్చాలి. వరస తప్పితే ఒక జా ముందుకొచ్చి కూర్చుంటుంది, కేంద్రం ఎక్కడో ఉంటుంది.

కొత్త చక్ బిగించాక మొదట రాడ్ లేకుండా, చేత్తో పూర్తి చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడండి. తర్వాత అతి తక్కువ వేగంలో రెండు దిశల్లోనూ నడపండి. అలెన్ కీ చక్‌లో వదిలేసి పెడల్ తొక్కే ప్రమాదం ఉంది కాబట్టి దానికి మెషిన్ మీద ఒక చోటు పెట్టి, అది అక్కడ కనిపిస్తేనే స్విచ్ వేయండి. వదులు చొక్కా చేతులు మడవండి. మొదటి రాడ్ పూర్తయ్యాక హబ్ బోల్టులు మరోసారి బిగించండి, కొత్త క్లాంప్ మొదట్లో కొద్దిగా సర్దుకుంటుంది. గ్రిప్ బయటి కొలత, టేపు పరీక్షలో ఏం తేలింది ఈ రెండూ చెప్తే చక్ రంధ్రం ఎంత ఉండాలో, వెనక పట్టు మీకు కుదురుతుందో లేదో కచ్చితంగా చెప్పగలను.